పాలబాకీ ఉన్న టేబుల్

మా చిన్నప్పుడు ఇంట్లో షాపుకెళ్ళి డబ్బులిచ్చి కొన్న సామాను అంటే ఒక్క గోద్రెజ్ బీరువానే, అది కూడా అమ్మ చీటీ పాడుకుని కొన్నది. మిగతావన్నీ, అంటే కూర్చునేవి, పడుకునేవి, పుస్తకాలు సర్దుకునేవి, దేవుడి పటాలు పెట్టేవి, అన్నీ ముందు జన్మలో ఇంకేదో అయ్యుండి మా మావయ్య చేతిలో పడి ఇలా పుట్టినవే. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు కూర్చోబోయే ముందు ఒకసారి వంగి కిందకి చూసేవాళ్ళు, ఇదేంట్రా బాబూ అన్నట్టు. నాకైతే అప్పట్లో చచ్చేంత సిగ్గు.

మావయ్య అంటే అమ్మకి తమ్ముడు. వైజాగ్ షిప్‌యార్డులో వడ్రంగి పని. వాళ్ళుండేది మల్కాపురం, మాది కంచరపాలెం, నాన్నది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే మావయ్య సైకిలేసుకుని సింధియా మీంచి, కాన్వెంట్ జంక్షన్ దాటి, జ్ఞానాపురంలో ఎవరితోనో కాసేపు కబుర్లాడి, పదింటికల్లా మా గుమ్మంలో ఉండేవాడు. హ్యాండిల్‌కి ఒక ఖాకీ సంచి, అందులో ఉలి, చిన్న రంపం, చిత్రిక, నాలుగు ఉప్పుకాగితాలు, ఒక అరిగిపోయిన సబ్బు ముక్క. సబ్బెందుకంటే, స్క్రూ బిగించే ముందు దాని మరలకి కాస్త సబ్బు రుద్దితే ఎంత గట్టి కర్రలోకైనా హాయిగా దిగిపోద్ది, తల విరగదు. ఇది నేను ఇప్పటికీ వాడతాను, మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే కార్పెంటర్ కుర్రాడు నన్ను వింతగా చూస్తాడు.

వాళ్ళది రెండు తరాల షిప్‌యార్డు. మా తాతయ్య షిప్‌యార్డు ఇంకా సింధియా అనే ఓడల కంపెనీ చేతిలో ఉన్న రోజుల్లోనే అందులో చేరాడు, 1948లో జల ఉషని నెహ్రూ గారొచ్చి నీళ్ళలోకి దింపిన రోజున తాతయ్య అక్కడే ఉన్నాట్ట, స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ కదా అది, ఆ కథ మొదలెట్టాడంటే పండగ భోజనాలు చల్లారిపోయేవి. "ఇనప ఓడకి వడ్రంగెందుకు తాతా" అని అడిగానొకసారి. "ఓడ ఇనపదేరా, మరి లోపల మనిషి పడుకోడానికి కర్ర కావద్దేటి" అన్నాడు. ఆ మాటకి నాకిప్పటికీ జవాబు దొరకలేదు.

సరే, ముందు మిషన్ బల్ల సంగతి చెప్తా. అమ్మకి పెళ్ళప్పుడు ఇచ్చిన సింగర్ కుట్టు మిషన్ ఉండేది, కాలితో తొక్కేది. పైన తల పాడైపోయింది, సామాన్లు దొరకట్లేదు, పాత ఇనప సామాన్లవాడు కిలోల్లెక్కన ఇచ్చేయమని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మావయ్య రావడం రావడం వాడిని పంపించేసి, "అప్పా, తల పోతే పోయింది, కాళ్ళు బావున్నాయి కదా, పారీడమేటి" అన్నాడు. మిషన్ తల ఊడదీసి, పోత ఇనపది కదా ఆ స్టాండు, దాన్ని కిరసనాయిల్తో కడిగి, తుప్పంతా ఉప్పుకాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, దాని మీద నల్ల పెయింటు, పైన పలక వేసి నాకు చదువుకునే బల్ల చేసిపెట్టాడు. చక్రానికుండే తోలు బెల్టు మాత్రం కావాలని తీసేశాడు, చెల్లి చిన్నపిల్ల, వేళ్ళు పెడుతుందని. కానీ కింద తొక్కే పలక కదిలేది. లెక్కలు చేసుకుంటూ కాళ్ళతో దాన్ని ఊపుతుంటే టకటకటక మని ఒకటే చప్పుడు, లెక్క రాకపోతే చప్పుడు ఎక్కువయ్యేది, వంటింట్లోంచి అమ్మ "ఏటిరా, ఈ లెక్క కూడా రాలేదా" అని అరిచేది. టెన్త్ దాకా నా చదువు ఆ చప్పుడులోనే నడిచింది.

టైరు స్టూలు కథ ఇంత గొప్పగా లేదు. ఎక్కడో దొరికిన కారు టైరుకి పైనా కిందా ప్లైవుడ్ గుండ్రంగా కోసి బిగించి, చుట్టూతా ఫిషింగ్ హార్బర్‌లో వలలకి వాడే తాడు చుట్టుకుంటూ వచ్చాడు, చూడ్డానికి నిజంగానే బావుంది. వాసనే. ఎంత ఉతికినా, ఎండలో ఎన్ని రోజులు పెట్టినా ఎవరో మన పక్కన కూర్చుని చేపలు తోముతున్నట్టే ఉండేది. అమ్మ దాన్ని పెరట్లోకి పంపేసింది. పెరట్లో పైన ప్లైవుడ్ ఊడిపోయి వర్షాలకి లోపల నీళ్ళు నిలిచి దోమలు, మన ఊళ్ళో మలేరియా సంగతి తెలిసిందే కదా, అప్పుడు మావయ్య వచ్చి టైరుకి అడుగున నాలుగు కన్నాలు పెట్టి మట్టిపోసి కనకాంబరాలు వేశాడు. టైరుతో ఏం చేసినా అడుగున కన్నాలు ముందు పెట్టుకోండి.

ఇంక అసలు సంగతికి వస్తా.

అమ్మా వాళ్ళ పుట్టిల్లు వన్‌టౌన్‌లో, కోటవీధి దగ్గర. పెంకుటిల్లు. అమ్మమ్మ పోయాక దాన్ని పడగొట్టి అన్నదమ్ములు పంచుకున్నారు, పెంకులు ఒకరికి, దూలాలు ఒకరికి, మా మావయ్య మాత్రం ఏమీ వద్దని వీధి తలుపు ఒక్కటీ అడిగాడట. రెండు రెక్కల టేకు తలుపు. ఆ రోజుల టేకు, కర్రంతా చేవే, రెండంగుళాల మందం, ఒక్కో రెక్క నలుగురు పట్టుకుంటే గానీ లేచేది కాదు. మల్కాపురంలో వాళ్ళ రెండు గదుల ఇంట్లో చోటు లేదని ఒంటెద్దు బండి మీద మా ఇంటికి తెచ్చి, పెరట్లో గోడకి చేరేసి, పైన గోనెపట్టా కప్పి, "అప్పా, నీకు భోజనాల బల్ల చేసిస్తాను, కాస్త తీరుబడి అవనీ" అన్నాడు. ఆ తీరుబడి ఒక ఏడాది పట్టింది.

ఇక్కడ భోగి గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకి తెలీదేమో, భోగిమంటకి కర్రలు కొనడమనేది మాకు అవమానం. దొంగతనం చెయ్యాలి. వారం ముందు నుంచి రాత్రిళ్ళు తిరిగి ఎవరింటి ముందు కర్ర సామాను కనిపిస్తే అది మాయం, విరిగిన కుర్చీ, నిచ్చెన, మేక పాక తడిక, ఒకాయన వెదురు గేటు అయితే వరసగా మూడేళ్ళు పోయింది, ఆయన నాలుగో ఏడు ఇనపది పెట్టించుకున్నాడు. పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు గానీ లోపల నవ్వుకునేవాళ్ళు, వాళ్ళూ చేసొచ్చినవాళ్ళేగా. అది 1987 భోగి, నాకు పన్నెండేళ్ళు. పక్క వీధి వాళ్ళు ఎక్కడి నుంచో పెద్ద కేబుల్ డ్రమ్ము దొర్లించుకొచ్చారు, కరెంటు తీగలు చుట్టే కర్ర చక్రాలుంటాయి చూడండి, అది. దాని ముందు మా వీధి మంట చలిమంటలా ఉంటుంది. మా బ్యాచ్ అంతా ఏడుపుమొహాలతో కూర్చుంటే ఒకడన్నాడు, "మీ ఇంట్లో అంతా పాత సామానే కదరా" అని.

వాడు ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. గోనెపట్టా కింద ఏముందో నాకు తెలుసు. పాత తలుపు, ఏడాది నుంచి అక్కడే పడుంది, ఎవడిక్కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా, ఇంకో పక్క అది కూడా రేపొద్దున బల్ల అయిపోయి వచ్చినవాళ్ళంతా వంగి చూస్తారు కదా అని కూడా అనుకున్నా, ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నా. రాత్రి ఒంటిగంటకి నలుగురం గోడ దూకాం. ఒక రెక్క మోసేసరికే ఊపిరి ఆగిపోయింది, రెండోదానికి ఓపిక లేదు. మంట పేర్పులో అడుగున పెట్టి పైన తాటాకులు కప్పేశాం.

తెల్లవారుజామున నాలుగింటికి అంటించారు. ముందు తాటాకులు భగ్గుమన్నాయి, తర్వాత కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత మొదలైంది టేకు మంట. పొగ లేదు. ఎర్రగా, నిలకడగా, నడుమెత్తున, ఎంతకీ తగ్గదే. పక్క వీధి వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అమ్మ చెల్లి చేత పిడకల దండ వేయించి, వేన్నీళ్ళ బిందె మంట పక్కన పెట్టి, తనూ అరచేతులు చాపుకుని చాలాసేపు అలా నించుంది. చలికి అనుకున్నా.

మావయ్య ఆ రోజు భోజనానికి వచ్చాడు. కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. నాకు లోపల గుండె కొట్టుకుంటోంది, గారె నోట్లో పెట్టుకుని నమల్లేకపోతున్నా. చివరికి వచ్చాడు, ఏమీ అనలేదు, నా వైపు చూడలేదు, గుమ్మం దిగి వీధిలోకెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళా, ఎందుకెళ్ళానో తెలీదు. బూడిద ఇంకా వేడిగానే ఉంది. ఒక కర్ర పుల్ల తీసుకుని మెల్లగా కెలుక్కుంటూ, ఏదో తగిలితే పక్కకి లాగుతూ, అరగంట. రెండు బందులు దొరికాయి. తర్వాత ఒక గొళ్ళెం. చెంబుతో నీళ్ళు తెమ్మన్నాడు నన్ను. పోస్తే చుయ్యిమన్నాయి. లుంగీ కొంగుతో తుడిచి ఖాకీ సంచిలో వేసుకున్నాడు.

"చేవ కర్రరా. బాగా మండుంటాది" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. తిట్టుంటే బావుండేది.

బల్ల మాత్రం చేశాడు. ఆ వేసవిలో నాలుగైదు ఆదివారాలు పట్టింది, ఈసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేశాడు, ఇది పట్టుకో, అది అందించు అని, అది శిక్షో శిక్షణో నాకు తెలీలేదు. రెండో రెక్క లేదు కాబట్టి దాని బదులు డన్నేజ్ చెక్క తెచ్చాడు. పోర్టు ఊరోళ్ళకి ఇది తెలిసిన మాటే, ఓడలో సరుకు కదలకుండా, తడి తగలకుండా అడుగునా మధ్యనా వేసే చెక్కల్ని డన్నేజ్ అంటారు, సరుకు దిగాక అవి పాత కర్ర అడితీలకి వచ్చేవి, తూకానికి అమ్మేవాళ్ళు. పైన్ కర్ర ఎక్కువ. తెల్లగా, తేలిగ్గా, ముళ్ళు ముళ్ళుగా ఉంటుంది, చిత్రిక పడుతుంటే జిగురు వాసన, ఆ వాసనకి నాకు ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉన్నట్టుండేది. నాకు చిత్రిక పట్టడం నేర్పింది దాని మీదే. ముడి దగ్గరకొచ్చేసరికి ఎదురు పడితే పెచ్చు లేచిపోద్ది, అటుపక్క నుంచి రావాలి, కర్ర ఎటు వాలితే అటే నువ్వూ వాలాలి అనేవాడు. కాళ్ళకి మా నాన్నమ్మ నవారు మంచం కోళ్ళు, ఎర్ర లక్క రంగు వేసినవి, నవారు చిరిగిపోయి అటకెక్కిందది. ఆ కోళ్ళ అడుక్కి చెదలు రాకుండా వాడేసిన ఇంజనాయిల్ పూశాడు.

అలా ఒక సగం టేకు, నల్లగా నిగనిగలాడుతూ, ఇంకో సగం తెల్ల పైను, కావాలంటే విప్పుకోవచ్చు, లేకపోతే కిందకి మడిచేయొచ్చు. మడత దగ్గర వేసినవి ఆ బందులే. బూడిదలోవి. కిరసనాయిల్లో వారం నానబెట్టినా ఆ నలుపు పోలేదు. స్క్రూలు మాత్రం ఇత్తడివి కొన్నాడు, సముద్రం గాలికి ఇనపవి రెండేళ్ళలో తుప్పట్టి కర్రని కూడా తినేస్తాయని, ఇత్తడి స్క్రూలకి ఆ రోజుల్లో ఎంతయ్యిందో అమ్మ చాలాసార్లు చెప్పేది. గొళ్ళెం సొరుగుకి పిడిలా పెట్టాడు.

ఇంకో సంగతి గుర్తొస్తోంది. టేకు రెక్క మొత్తం చిత్రిక పట్టాడు గానీ ఒక మూల, అరచెయ్యి వెడల్పున, అలాగే గరుగ్గా వదిలేశాడు. అక్కడ ఏవో గీతలు, మేకుతో గీకినట్టు, వరసలు వరసలుగా. నేను ఉప్పుకాగితం పట్టుకుని వెళ్తే చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "అది మీ అమ్మమ్మ సంతకంరా, చెరపకు." అమ్మమ్మకి చదువు రాదు. ఏదో సరదాకి అన్నాడనుకున్నా.

తర్వాత తర్వాత రోజులు ఎలా గడిచాయో. 2002లో కురుసుర సబ్‌మెరైన్‌ని బీచ్ ఒడ్డుకి లాక్కొచ్చి మ్యూజియం చేశాక మావయ్యని తీసుకెళ్ళా. లోపలికెళ్ళి అంత సన్నటి సందుల్లో బెర్తులూ వంటగదీ అన్నీ తడిమి తడిమి చూసి, బయటకొచ్చి మూరీ మిక్చర్ తింటూ, "ఏటిరా, నాను టైరుతో స్టూలు చేస్తే మీరంతా నవ్వేరు, ఈళ్ళు ముప్పయ్యేళ్ళు వాడీసిన సబ్‌మెరైన్నే పారీకుండా ఎట్టుకున్నారు, ఇప్పుడు టిక్కెట్టు కొని మరీ చూస్తన్నావు" అన్నాడు. ఆ తర్వాత 2017లో ఎదురుగా విమానం కూడా పెట్టారు, టీయూ 142, అది చూడ్డానికి మావయ్య లేడు.

హుద్‌హుద్‌కి ఉన్నాడు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా పెరట్లో మామిడిచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది, గోడ పోయింది, కనకాంబరాల టైరు ఎక్కడికెళ్ళిందో ఇప్పటికీ తెలీదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మూడోరోజు మావయ్య మల్కాపురం నుంచి ఎవరి బండో ఎక్కి వచ్చేశాడు, మేం ఎలా ఉన్నామో చూడ్డానికి. చూసి, వెంటనే చెట్టు వైపు చూశాడు. అప్పటికే చేతులు వణుకుతుండేవి, ఉలి పట్టుకోలేడు. కానీ నోరు బానే ఉంది కదా. మిల్లులో పలకలు కోయించమన్నాడు, కొసలకి ఏదో ఒక పాత పెయింటు పూయమన్నాడు, లేకపోతే కొసల నుంచి తొందరగా ఆరిపోయి పగుళ్ళు పడతాయి, పలకకీ పలకకీ మధ్య గాలాడేలా సన్న పుల్లలు పెట్టి నీడలో పేర్చమన్నాడు. "అంగుళం మందానికి ఏడాది. అప్పటిదాకా ముట్టుకోకు." ఒకటిన్నర అంగుళం పలకలు. నేను ఏడాదికే ముట్టుకున్నా. బెంచీ చేశా, నెల తిరక్కుండా ఒక పలక గరిటెలా వంగిపోయింది. ఆయన చూసి ఏమీ అనలేదు, ఈయనకి ఏమీ అనకపోవడం అలవాటు. వంగిన పలక మీద కూర్చుని "నడుంకి బావుందిరా" అన్నాడు.

ఇప్పుడు నాకూ అదే పిచ్చి పట్టింది. సెలవురోజు ప్యాలెట్ చెక్కలు కనిపిస్తే బండి ఆపేస్తా, మా ఆవిడ మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. ఒక్కటి మాత్రం చెప్తా, ఓడల్లో కంటైనర్లలో వచ్చే ప్యాలెట్లు ఇంట్లోకి తెచ్చేముందు దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడిచేసిన కర్ర, పర్లేదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, అది ఇంట్లోకి వద్దు, మంటలోకి కూడా వద్దు.

మొన్న సంక్రాంతికి అమ్మ దగ్గరికెళ్ళా. ఎనభై దాటింది, కళ్ళు అంతంతమాత్రం, కానీ ఆ బల్ల దగ్గర తన చోటు తనదే, టేకు వైపు, గరుకు మూల పక్కన. కాఫీ తాగుతూ వేలితో ఆ గీతలు తడుముతోంది, నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడిగా, ఏంటమ్మా అవి అని.

"పాల లెక్కరా. సోలెడు పాలు పోస్తే అమ్మ ఒక గీత గీసేది, మేకుతోటి. పాలమనిషి కూడా అది చూసి ఒప్పుకోవాలి, అందుకే వీధి తలుపు మీద."

అంటే మావయ్య చెప్పింది నిజమేనన్నమాట. వంగి లెక్కపెట్టా. నూటికి పైనే ఉన్నాయి. ఇన్ని గీతలకీ డబ్బులు కట్టేశారా మరి అన్నా నవ్వుతూ.

"కట్టకేం, ఎప్పటికప్పుడు కట్టీసేది. పోసిన పాలు ఈ రెక్క మీద, ఇచ్చిన డబ్బులు ఆ రెక్క మీద." కాఫీ గ్లాసు కింద పెట్టి, పైను చెక్క వైపు చెయ్యి చాపి ఒకసారి నిమిరింది. "జమంతా నువ్వు భోగిమంటలో ఎట్టీసేవు. ఇంక బాకీయే మిగిలింది."

నేను తలెత్తలేదు. గ్లాసు తీసుకుని, కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయా.